సవరణ ముందు ఎక్కడ పడాలి?

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ముందుకు పోవాలని ఉంటుంది. వాడేవాళ్లకి మాత్రం, పనిచేస్తున్నదాన్ని ఎవరూ కదపకుండా ఉంటే చాలు. డేటాబేస్ కొత్త వెర్షన్ వచ్చి మూడేళ్లయినా పాతదాని మీదే బండి లాగించే సంస్థలు బోలెడు. దాన్ని బద్ధకం అనడానికి లేదు. మారిస్తే అంతా మళ్లీ పరీక్షించుకోవాలి, దానికి మనుషులు కావాలి, ఒక రాత్రి సర్వీసు ఆపాలి. అలాంటి చోట భద్రతా లోపం ఒకటి బయటపడిందనుకోండి. "కొత్త వెర్షన్‌కి మారండి, అందులో సరిచేశాం" అంటే వాళ్లు ఒప్పుకోరు. ఉన్న వెర్షన్‌లోనే ఆ ఒక్క లోపం సరిచేసి ఇవ్వాలి, ఇంకేదీ మారకూడదు. రిలీజ్ బ్రాంచీలు, మెయింటెనెన్స్ బ్రాంచీలు పుట్టింది ఈ అవసరంలోంచే.

పద్ధతి వృత్తిలో ఉన్నవాళ్లకి తెలిసిందే. విడుదలకి కొన్ని వారాల ముందు మెయిన్ లైన్ నుంచి ఒక పాయ విడదీస్తారు. అందులోకి కొత్త ఫీచర్లు రానివ్వరు, బగ్గులు మాత్రమే దిద్దుతారు. అది రిలీజ్ బ్రాంచ్. విడుదలైన రోజున దాని మీద ఒక ట్యాగ్ వేస్తారు. ట్యాగ్ కదలదు, ఆ రోజు ఇచ్చింది ఇదీ అని చెప్పే గుర్తు అది. ఆ తర్వాత కూడా అదే పాయ సవరణలు అందుకుంటూ ఏళ్ల తరబడి బతికితే మెయింటెనెన్స్ బ్రాంచ్ అవుతుంది.

దీని మీద చర్చ మొదలైతే చాలామంది వెంటనే బొమ్మలు గీస్తారు: రంగురంగుల గీతలు, వాటి మధ్య బాణాలు. ఏ గీతకి ఏ పేరు పెట్టాలనే దగ్గరే సగం వాదన అయిపోతుంది. నా దృష్టిలో తేల్చుకోవాల్సినవి రెండే. సవరణని ముందు ఎక్కడ రాసి, ఎటు పంపాలి? ఎన్ని పాత వెర్షన్లని, ఎన్నేళ్లు మోయాలి? మొదటిది సాంకేతిక విషయంలా, రెండోది మేనేజర్లు చూసుకునే విషయంలా కనిపిస్తాయి కానీ, మొదటిదాన్ని కాస్త తవ్వితే రెండోదే బయటపడుతుంది.

పరికరాల సంగతి త్వరగా ముగించవచ్చు. సబ్‌వెర్షన్‌లో బ్రాంచ్ తీయడం తేలికే, తిరిగి కలపడమే నరకం. ఏ మార్పు ఎక్కడికి ఇప్పటికే వెళ్లిందో ఆ సాఫ్ట్‌వేర్ గుర్తు పెట్టుకునేది కాదు, కమిట్ సందేశంలో రివిజన్ నంబర్లు చేత్తో రాసుకోవాల్సి వచ్చేది. 2008లో వచ్చిన 1.5 వెర్షన్‌తో గానీ మెర్జ్ లెక్కలు దానికి రాలేదు. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ ఈ లెక్కని మొదటినుంచీ తన నిర్మాణంలోనే పెట్టుకుంది. గిట్‌లో మామూలుగా ఒక బ్రాంచ్ అంటే 41 బైట్ల ఫైలు, అంతే. తీయడానికి క్షణం చాలు. ఇంత చవకగా దొరికేసరికి, దాన్ని నిలబెట్టడం కూడా చవకే అనే భ్రమ మొదలైంది.

నిలబెట్టడం ఎంత ఖరీదో లైనక్స్ కెర్నెల్ వాళ్లకి అంతకుముందే అనుభవం. అప్పట్లో సరిసంఖ్య వెర్షన్లు వాడకానికి, బేసి సంఖ్యవి ప్రయోగాలకి. 2.4 వెర్షన్ 2001 జనవరిలో వస్తే 2.6 రావడానికి 2003 డిసెంబర్ దాకా పట్టింది. మధ్యలో కొత్త పనంతా 2.5లో పేరుకుపోయింది. వినియోగదారులకి ఆ కొత్తవి కావాలి, ప్రయోగాల కెర్నెల్ మాత్రం వద్దు. దాంతో రెడ్‌హ్యాట్, సూసే లాంటి పంపిణీదారులు 2.5లోంచి ముక్కలు ఏరి తమ 2.4కి అతికించుకున్నారు. చివరికి పేరుకి అందరిదీ 2.4, లోపల ఎవరి కెర్నెల్ వాళ్లది. 2004లో కెర్నెల్ డెవలపర్లు కూర్చుని ఈ సరి-బేసి పద్ధతికి స్వస్తి చెప్పారు. ఇప్పుడు తొమ్మిది, పది వారాలకొక కొత్త కెర్నెల్ వస్తుంది. 2005 మార్చిలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, క్రిస్ రైట్ స్టేబుల్ బ్రాంచ్ మొదలుపెట్టారు. విడుదలైన కెర్నెల్‌కి చిన్న చిన్న సవరణలు మాత్రమే అందించడం దాని పని.

ఇక సవరణ దిశ. ఇందులో రెండు సంప్రదాయాలున్నాయి.

ఒకటి పాతదాంట్లో మొదలుపెట్టి పైకి పోవడం. లోపం ఏ అత్యంత పాత బ్రాంచ్‌లో ఉందో అక్కడే సరిచేసి, దాన్ని తర్వాతి బ్రాంచ్‌లోకి, అక్కణ్ణుంచి మెయిన్ లైన్‌లోకి మెర్జ్ చేస్తూ పోతారు. గిట్ ప్రాజెక్టు తన సొంత కోడ్‌ని ఇలాగే చూసుకుంటుంది. 2005 నుంచి దాన్ని నడుపుతున్న జునియో హమానో దగ్గర మెయింట్, మాస్టర్, నెక్స్ట్, సీన్ అనే బ్రాంచీలుంటాయి. మెయింట్‌లో ఉన్నదంతా మాస్టర్‌లో ఉండి తీరుతుంది. ఈ పద్ధతి గొప్పదనం ఏమిటంటే, ఒక సవరణకి ఒకే కమిట్, ఒకే గుర్తింపు. ఫలానా బ్రాంచ్‌లో ఇది ఉందా అని గిట్‌ని అడిగితే నిక్కచ్చిగా జవాబు వస్తుంది. పాత వెర్షన్‌లో సరిచేసి కొత్తదాంట్లో మర్చిపోయే ప్రమాదం దాదాపు ఉండదు. కస్టమర్ కొత్త వెర్షన్‌కి మారాక, ఎప్పుడో పోయిన బగ్ మళ్లీ ఎదురైతే ఫోన్‌లో వినాల్సి వచ్చే మాటలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

చిక్కు ఎక్కడంటే, మెర్జ్ ఒక్క కమిట్‌ని ఏరుకోదు, వెనకున్నవన్నీ వెంటబెట్టుకుని వస్తుంది. మీ సవరణకి ముందు ఇంకెవరో పాత బ్రాంచ్‌లో ఏదో పెట్టి పైకి కలపకుండా ఇంటికెళ్లిపోతే, వాళ్ల పని కూడా మీరే కలపాలి, వాళ్ల కాన్‌ఫ్లిక్టులు మీరే విప్పాలి. వెర్షన్ నంబర్ మార్చిన కమిట్ లాంటివి పైకి పోకూడదు, వాటిని పేరుకి మాత్రం కలిపినట్టు చూపించాలి. పైథాన్ వాళ్లు మెర్క్యురియల్ వాడినన్నాళ్లూ 3 సిరీస్‌లో ఈ దారే. పాత బ్రాంచ్‌లో దిద్ది, తర్వాతి దాంట్లోకి, ఆపై డిఫాల్ట్ అనే మెయిన్ లైన్‌లోకి కలపాలి. అంతా కలిపి పంపేలోపు ఇంకొకరు తమది పంపేస్తే మొత్తం మళ్లీ మొదటికే. 2017 ఫిబ్రవరిలో గిట్‌కి మారినప్పుడు వాళ్లు దిశ కూడా తిప్పేశారు. సవరణ ముందు మెయిన్‌లోనే పడుతుంది. దానికి ఏయే పాత వెర్షన్లకి వెళ్లాలో లేబుల్ తగిలిస్తే మిస్ ఇస్లింగ్టన్ అనే బాట్ చెర్రీ-పిక్ చేసి పెడుతుంది. అతకని వాటిని మనుషులు చూసుకుంటారు.

ఇదే రెండో సంప్రదాయం: ముందు మెయిన్ లైన్, తర్వాత వెనక్కి. ఫ్రీబీఎస్‌డీలో కమిట్ సందేశంలోనే ఇన్నాళ్ల తర్వాత స్టేబుల్‌కి తీసుకెళ్లాలి అని రాస్తారు. వారమో, నెలో గడిచాక రాసినవాళ్లకి గుర్తుచేస్తూ మెయిల్ వస్తుంది. ఆలోగా ఆ మార్పు కొత్త కోడ్‌లో నలుగురి చేతుల్లో నలుగుతుంది. లైనక్స్ స్టేబుల్‌కి మొదటి నియమమే ఇది: లైనస్ మెయిన్ లైన్‌లో లేని సవరణ ఇక్కడికి రాదు. ప్యాచ్ 100 లైన్లు దాటకూడదు, అసలు కమిట్ ఏదో సందేశంలో చెప్పాలి. అంత పెద్ద ప్రాజెక్టుకి ఇంతకన్నా సరళమైన నియమావళి ఊహించడం కష్టం.

నా మొగ్గు కూడా ఈ రెండో దారికే. అయితే దీన్ని సమర్థించేవాళ్లు ఒక విషయం దాటవేస్తారు. చెర్రీ-పిక్ చేస్తే వచ్చేది అదే కమిట్ కాదు, దాని నకలు. నకలు కొత్త చోట కంపైల్ అయినంత మాత్రాన సరైనదని అర్థం లేదు. 2023 డిసెంబర్‌లో జరిగింది చూడండి.

ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో ఒక నిజమైన లోపం ఉంది. డైరెక్ట్ ఐవో పద్ధతిలో ఫైలు చివర రాసినప్పుడు, డిస్కు మీదికి చేరిందని హామీ ఇచ్చిన తర్వాత కూడా ఫైలు పరిమాణం చేరకపోవచ్చు. దానికి మెయిన్ లైన్‌లో సవరణ రాశారు. అక్కడ అది సరైనదే. దాన్ని 6.1 బ్రాంచ్‌కి తీసుకెళ్లారు. ఎక్కడా కాన్‌ఫ్లిక్ట్ రాలేదు, 6.1.64గా విడుదలైంది. అయితే ఆ సవరణ రాసిన నాటికి మెయిన్ లైన్‌లో కింది పొర అప్పటికే మారి ఉంది. 6.5లో వచ్చిన ఒక చిన్న మార్పుతో, ఫైల్లో తర్వాత ఎక్కడ రాయాలో చెప్పే స్థానాన్ని ముందుకు జరిపే పని వేరే చోటికి మారింది. 6.1కి ఆ మార్పు రాలేదు. ఫలితంగా ఆ స్థానం అక్కడ రెండుసార్లు ముందుకు జరిగింది. తర్వాతి రాత తప్పుడు చోట పడింది, అంటే డేటా చెడిపోయింది. డిసెంబర్ 9న డెబియన్ 12.3 విడుదల కావాలి, అందులో ఉన్నది ఈ కెర్నెలే. ఆపేశారు. అప్‌గ్రేడ్ చేయవద్దని జనాన్ని హెచ్చరించి, 6.1.66తో మర్నాడే 12.4 ఇచ్చారు.

ఇందులో తప్పు ఎవరిదని వేలు చూపడం కష్టం. ప్యాచ్ రాసినవాళ్లు సరిగ్గానే రాశారు, స్టేబుల్ వాళ్లు నియమం ప్రకారమే తీసుకున్నారు. రెండు కమిట్ల మధ్య ఉన్న సంబంధం ఏ సందేశంలోనూ రాసిలేదు. గిట్ పోల్చేది లైన్లని. ఈ లైను ఫలానా ఫంక్షన్ ఫలానా విధంగా ప్రవర్తిస్తుందన్న నమ్మకం మీద నిలబడి ఉందని దానికెలా తెలుస్తుంది? మెయిన్ లైన్ నుంచి ఏడాది దూరం జరిగిన బ్రాంచ్ నిజానికి ఇంకో ప్రోగ్రామ్. పేర్లు, ఫైళ్లు అవే ఉండటం వల్ల మనకి అదేదో ఒకటే అనిపిస్తుంది. దానికి దాని పరీక్షలు దానికి జరగాలి, దాని కోడ్ తెలిసినవాళ్లు దానికి ఉండాలి. ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ వాళ్లు ఈ మాట ముందునుంచీ అంటున్నారు. మెషీన్ లెర్నింగ్‌తో సవరణల్ని ఏరి స్టేబుల్‌కి పంపే ఏర్పాటు కెర్నెల్‌లో ఉంది. తమ కోడ్‌ని దాని జోలికి రానివ్వొద్దని వాళ్లు తప్పుకున్నారు. ఒక్కో పాత కెర్నెల్‌కి ఒకరిని బాధ్యులుగా పెట్టి, పరీక్షలన్నీ నడిపాకే ప్యాచ్‌లు పంపుతున్నారు. నెమ్మదైన పని. ఫైల్ సిస్టమ్ విషయంలో నెమ్మదే మేలని నేనంటాను.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లది ఈ రెండింటికీ మధ్యస్థమైన దారి. ఏటా ఒక పెద్ద వెర్షన్, ఒక్కోదానికి ఐదేళ్ల మద్దతు. బగ్ సరిచేసే కమిటర్ దాన్ని మెయిన్‌కీ, అది వర్తించే ప్రతి పాత బ్రాంచ్‌కీ తనే ఒకే దఫాలో, ఒకే సందేశంతో పెడతారు. వాళ్ల దగ్గరున్న ఒక చిన్న స్క్రిప్టు, రాసినవారూ సందేశమూ ఒకటైన కమిట్లని జతచేసి విడుదల గమనికలకి జాబితా తయారుచేస్తుంది. మెర్జులు లేవు, వేరే స్టేబుల్ బృందమూ లేదు. సమస్య అర్థమైనవారే ఐదు పాత కోడ్‌లలోనూ ఒకేసారి ఆలోచిస్తారు. మర్నాటికి వాయిదా వేస్తే అందులో సగం బుర్రలోంచి జారిపోతుంది కాబట్టి, ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. తలకు మించిన భారమే, కానీ సరైన తల మీద పడుతుంది.

అంత క్రమశిక్షణలోనూ జారడం జరిగింది. 2024 నవంబర్ 14న 17.1తో పాటు పాత బ్రాంచీలకీ చిన్న విడుదలలు వచ్చాయి. అందులో ఒక సవరణ కోసం రిజల్ట్‌రెల్‌ఇన్‌ఫో అనే స్ట్రక్చర్ చివర ఒక ఫీల్డ్ చేర్చారు. చివర చేరిస్తే మిగతా ఫీల్డుల స్థానాలు మారవు, కాబట్టి క్షేమం అనుకోవడం సహజం. కానీ స్ట్రక్చర్ పరిమాణం పెరిగింది. పాత పరిమాణంతో కంపైలైన ఎక్స్‌టెన్షన్లు, ముఖ్యంగా టైమ్‌స్కేల్‌డీబీ, తమ లెక్క ప్రకారం తక్కువ మెమరీ కేటాయించుకుంటే సర్వర్ ఆ హద్దు దాటి చూసింది. సరిగ్గా వారానికి, 21వ తేదీన 17.2, మిగతా బ్రాంచీలకి దాని తోబుట్టువులు విడుదలయ్యాయి. ఆ స్ట్రక్చర్ మునుపటి పరిమాణానికి వచ్చింది. మెయింటెనెన్స్ బ్రాంచ్‌లో కోడ్ ఒక్కటే చూసుకుంటే చాలదు, ఆ కోడ్ మీద ఆధారపడిన ఊరూపేరూ తెలియని బైనరీలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇంతకీ బ్రాంచీలే లేకుండా బతకలేమా? బతికేవాళ్లున్నారు. విన్సెంట్ డ్రీసెన్ 2010 జనవరిలో ప్రతిపాదించిన గిట్-ఫ్లో, డెవలప్, మాస్టర్, రిలీజ్, హాట్‌ఫిక్స్ బ్రాంచీలతో పదేళ్ల పాటు ఆఫీసులన్నిటా వేదవాక్కులా చెలామణి అయింది. ఒకే వెర్షన్ నడిపే వెబ్‌సైట్లకీ అదే, పెట్టెలో పెట్టి అమ్మే సరుకుకీ అదే. 2020లో స్వయంగా ఆయనే ఒక వివరణ చేర్చారు: నిరంతరం విడుదల చేసే వెబ్ బృందాలకి ఇంతకన్నా సరళమైనది చాలు, వెర్షన్లు విడివిడిగా నిలబెట్టాల్సిన సాఫ్ట్‌వేర్‌కే ఇది సరిపోతుంది అని. ఆ వివరణ చదవని టీములు ఇప్పటికీ ఉన్నాయి. ఫేస్‌బుక్ కూడా 2016 దాకా వారానికొక రిలీజ్ బ్రాంచ్ తీసి, అందులోకి రోజుకి 500 నుంచి 700 మార్పులు చెర్రీ-పిక్ చేసేది. ఆ సంఖ్య మోయలేక, 2017కల్లా మాస్టర్ నుంచే నేరుగా విడుదల చేయడానికి మారిపోయింది. సర్వర్ మన చేతిలో ఉంటే పాత వెర్షన్ అనేదే ఉండదు కాబట్టి అది సాధ్యం. ఫోన్‌లో యాప్, కారులో సాఫ్ట్‌వేర్, బ్యాంకు గదిలో డేటాబేస్ అలా కాదు.

అందుకే రెండో ప్రశ్న: ఎన్నేళ్లు? లైనక్స్ దీర్ఘకాలిక కెర్నెళ్లకి కొంతకాలం ఆరేళ్ల మద్దతు ఇచ్చారు. ఆండ్రాయిడ్ ఫోన్ల తయారీదారులకి అది కావాల్సి వచ్చింది. 2023లో కొత్తవాటికి రెండేళ్లకే కుదిస్తున్నట్టు చెప్పారు. మోస్తున్నవాళ్లు కొద్దిమందే, అలసిపోయారు, పైగా అంత పాతవి వాడేవాళ్లూ తక్కువే అన్నది కారణం. ఇంకోవైపు సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ అనే కూటమి రైల్వేలు, విద్యుత్ కేంద్రాల కోసం కొన్ని కెర్నెళ్లని పదేళ్లు నిలబెడతామంటోంది. వాళ్ల దగ్గర దానికి డబ్బు పెట్టే కంపెనీలున్నాయి. పైథాన్ 2.7ది ఇంకో కథ. 2010లో వచ్చింది, 2015లో ఆపాల్సింది. జనం 3కి మారకపోవడంతో 2020 దాకా పొడిగించారు. గడువు పెంచితే మారడానికి తొందరపడాల్సిన అవసరం కూడా పోతుందని అప్పుడే అన్నవాళ్లున్నారు.

ఇక్కడ మన హైదరాబాద్ ప్రస్తావన ఊరికే తేవడం లేదు. పెద్ద ప్రోడక్ట్ కంపెనీల పాత వెర్షన్లని చూసుకునే సస్టైనింగ్ టీములు గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో ఏళ్లుగా ఉన్నాయి. వైటూకే కాలంలో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానమెక్కినవాళ్ల పని కూడా వేరొకరు రాసిన పాత కోడ్‌ని దిద్దడమే. అయినా ఆ టీములో పడ్డ కుర్రాడికి "అయ్యో, డెవలప్‌మెంట్ రాలేదా" అనే సానుభూతి ఎదురవుతుంది. కొత్తగా చేరినవాళ్లకి పాత బ్రాంచ్ అప్పగించి, అనుభవజ్ఞుల్ని కొత్త ఫీచర్లకి పంపడం రివాజు. ఎక్స్‌ట్4 ఉదంతం చదివాక అది తలకిందుల ఏర్పాటని నాకు అనిపిస్తుంది. రెండు కాలాల కోడ్ తెలిసినవారికే ఆ తేడా కంటబడుతుంది.

మిగిలింది లెక్కల పుస్తకం. ఏ సవరణ ఎక్కడ ఉందో బయటివాళ్లకి ఎలా తెలియాలి? 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.0.1ఎఫ్ వరకూ ప్రమాదం, 1.0.1జిలో సరిచేశాం అన్నారు. కానీ డెబియన్, రెడ్‌హ్యాట్ తమ 1.0.1ఇ లోనే ఆ ఒక్క సవరణ పెట్టి, ప్యాకేజీ పేరు చివరి అంకెలు మాత్రం మార్చాయి. వెర్షన్ అడిగితే అది 1.0.1ఇ అనే చెబుతుంది. పైపైన వెర్షన్ నంబర్ చూసి తీర్పు చెప్పే స్కానర్లు, సరిచేసిన సర్వర్లని కూడా ప్రమాదకరమని రిపోర్టులు ఇచ్చాయి. ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాయి. ఆడిటర్‌కి ఇది విడమర్చి చెప్పడం సపోర్టు ఇంజనీర్ల జీవితంలో ఒక శాశ్వత అధ్యాయం. తమాషా ఏమిటంటే, హార్ట్‌బ్లీడ్ 1.0.0నీ, 0.9.8నీ తాకనే లేదు. ఆ లోపమున్న ఫీచర్ 1.0.1తోనే వచ్చింది. అప్‌గ్రేడ్ చేయనివాళ్లు ఆ ఒక్కసారికి బతికిపోయారు.

అందుకే చెర్రీ-పిక్ చేసేటప్పుడు మూలం కమిట్ ఏదో సందేశంలో నమోదు చేసే ఐచ్ఛికాన్ని వాడటం, ఏ కమిట్ తెచ్చిన బగ్‌ని ఇది సరిచేస్తోందో కెర్నెల్ వాళ్లలా ఒక లైను రాయడం, చిన్న పనులే అయినా వదలకూడదు. ఆ రెండో లైను ఉంటే, ఆ బగ్ ఏ పాత బ్రాంచీల్లోకి వెళ్లిందో ఒక్క ఆదేశంతో తెలుస్తుంది. లేకపోతే ఆ పని మనుషులు కూర్చుని చేయాలి.

మూసేశామనుకున్న బ్రాంచీలు మూతపడి ఉంటాయన్న భరోసా కూడా లేదు. 2021 డిసెంబర్‌లో లాగ్4జె లోపం బయటపడ్డాక అపాచీ వాళ్లు జావా 7 కోసం 2.12.2నీ, జావా 6 కోసం 2.3.1నీ విడుదల చేశారు, ఎప్పుడో ఆగిపోయిన పాయల్ని మళ్లీ తవ్వి. పోస్ట్‌గ్రెస్ వాళ్లు దీన్ని ముందే ఊహించినట్టు ఒక విధానం పెట్టుకున్నారు. మద్దతు ముగిసినా 9.2 దాకా ఉన్న పాత బ్రాంచీలు నేటి కంపైలర్లతో కనీసం కంపైల్ అయ్యేలా చూస్తారు. ప్రవర్తన మార్చే సవరణ ఏదీ పెట్టరు, కొత్త విడుదలా ఇవ్వరు. అంత పాత సర్వర్ నుంచి కూడా డేటా బయటికి తీయగలమని చెప్పుకునే డంప్ పనిముట్టుని పరీక్షించాలంటే, ఆ పాత సర్వర్ ఈరోజు ఒక డెవలపర్ మెషీన్ మీద లేచి నిలబడాలి కదా.